కోచ్ సార్‌కూ నాకూ మధ్య ఈ కొత్త పోస్టు

ప్రశ్న: నా వయసు 31. సికింద్రాబాద్‌లో ఉంటాను, మాదాపూర్‌లో డేటా అనలిస్టుగా పనిచేస్తున్నాను. పన్నెండో ఏట నుంచి మా ఏరియా ఫుట్‌బాల్ క్లబ్బులో ఆడాను. మోకాలి దెబ్బ వల్ల 24 ఏళ్లకే ఆట ఆపేయాల్సి వచ్చింది. క్లబ్బు సిటీ లీగ్‌లో ఆడుతుంది. ఈ ఏడాది మా సీనియర్ ఒకాయన క్లబ్బులో డబ్బు పెట్టారు. నన్ను 'డైరెక్టర్ ఆఫ్ ఫుట్‌బాల్' అన్నారు. ప్లేయర్లను తెచ్చే బాధ్యత నీదే తమ్ముడూ అన్నారు. నాకు ఆట నేర్పిన కోచ్ సార్ ఇప్పటికీ అక్కడే ఉన్నారు. నేను వీడియోలు చూసి, లెక్కలు వేసి ముగ్గురి పేర్లు గ్రౌండ్‌కి పట్టుకెళ్తే, పిల్లలందరి ముందు 'నా టీమ్‌లో ఎవరు ఆడాలో నువ్వు చెప్తావారా?' అన్నారు. ఆ రోజు నుంచి ముభావంగా ఉంటున్నారు. మాలాంటి చిన్న క్లబ్బుకి ఈ పోస్టు అవసరమా? ప్లేయర్ల విషయంలో ఆఖరి మాట ఎవరిది? సార్ మనసు కష్టపెట్టకుండా ఈ పని చేయగలనా, లేక వదిలేయాలా?
- ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: వదిలేయకండి. అయితే ఆ మూడు పేర్లనీ ప్రస్తుతానికి పక్కన పెట్టేయండి. ఆ కుర్రాళ్లు ఆడలేరని కాదు. మీరు ఈ పనిని చివరి నుంచి మొదలుపెట్టారు. కొత్త ప్లేయర్లను తీసుకోవడంలో పేర్లు వచ్చేది ఆఖర్న. మనకి ఎక్కడ లోటు ఉంది, ఆ లోటు తీర్చేవాడు ఎలాంటివాడై ఉండాలి అన్నది ముందు తేలాలి. ఆ మాట కోచ్ నోటి నుంచి రావాలి. మీ సార్‌ని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆయన్ని అడగకుండానే జవాబు తెచ్చి చేతిలో పెట్టారు. పిల్లల ముందు ఆయన మాట తూలారు, నిజమే. కానీ ఆ కోపానికి కారణం ఉంది.

మీ సీనియర్ కూడా 'ప్లేయర్లను తెచ్చే బాధ్యత నీదే' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. చిక్కు అక్కడే మొదలైంది. కోచ్ కళ్లు ఎప్పుడూ వచ్చే మ్యాచ్ మీద ఉంటాయి. ఉండాలి కూడా. వరుసగా నాలుగు మ్యాచులు పోతే అందరి వేళ్లూ ఆయన వైపే చూపిస్తాయి. అందుకే ఏ కోచ్ అయినా రేపే దిగి ఆడగల, నాలుగు మ్యాచులు చూసిన వాడినే కావాలంటాడు. అందులో స్వార్థమేమీ లేదు. కానీ ఇప్పుడు 30 దాటిన సెంటర్ బ్యాక్ (గోల్ ముందు నడిమధ్య కాపు కాసే డిఫెండర్) స్థానంలో రెండేళ్ల తర్వాత ఎవరుంటారు? ఎవరి కాంట్రాక్టు ఎప్పటితో అయిపోతుంది? బయటివాడిని తెస్తే అండర్-17లో అదే స్థానానికి ఎదుగుతున్న మన కుర్రాడికి దారి మూసుకుపోదా? ఇవన్నీ ఆలోచించే తీరిక కోచ్‌కి ఉండదు. ఆ తీరిక ఉన్న మనిషి ఒకరు క్లబ్బులో ఉండాలి. డైరెక్టర్ ఆఫ్ ఫుట్‌బాల్ చేసేది ఆ పనే. కోచ్ పైన కూర్చోవడానికి ఇచ్చిన కుర్చీ కాదది.

జర్మనీలో ఈ పద్ధతి పాతది. 1979లో ఉలీ హోనెస్ బయర్న్ మ్యూనిక్‌లో ఈ తరహా బాధ్యత తీసుకునేనాటికి ఆయన వయసు 27. ఆయన కూడా మోకాలి గాయంతోనే బూట్లు విప్పేసి ఆఫీసులో కూర్చున్నారు. మీ ఉత్తరం చదువుతుంటే నాకు మొదట గుర్తొచ్చింది ఆయనే. స్పెయిన్‌లో సెవియా క్లబ్బుకి చాలాకాలం రిజర్వ్ గోల్‌కీపర్‌గా ఉన్న మోంచీ 2000లో ఈ బాధ్యత తీసుకున్నారు. అప్పటికి ఆ క్లబ్బు రెండో డివిజన్‌కి పడిపోయి ఉంది. 2006, 2007లో వరసగా రెండుసార్లు యూఈఎఫ్ఏ కప్పు గెలిచింది. ఇంగ్లండ్‌లో మాత్రం ఈ ఆలోచనకి చాలాకాలం తలుపులు తెరుచుకోలేదు. అక్కడ మేనేజర్ అంటే అన్నీ ఆయనే. ఫెర్గూసన్ 1986 నుంచి 2013 దాకా మాంచెస్టర్ యునైటెడ్‌ని అలాగే నడిపారు. ఆయన దిగిపోయాక ఆ క్లబ్బు ఏళ్ల తరబడి తడబడింది, ఫుట్‌బాల్ డైరెక్టర్ అనే హోదాలో తొలి మనిషిని 2021 మార్చిలో గానీ పెట్టుకోలేదు.

చిన్న క్లబ్బుకి ఇది అవసరమా అని అడిగారు. దీనికి జవాబు మన ఊరి చరిత్రలోనే ఉంది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేముంది. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుతో రోవర్స్ కప్పు గెలిపించారు. 1951లోనూ 1962లోనూ దేశానికి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చారు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జట్టును సెమీఫైనల్‌కి చేర్చారు. కోచ్‌గానే కాదు, హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా కూడా ఆయనే ఉన్నారు. అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్ లాంటి వాళ్లను ఏరి పట్టుకున్నదీ, ఎవరిని ఏ స్థానంలో ఆడించాలో కనిపెట్టిందీ ఆయన కళ్లే. 1962 జకార్తా ఫైనల్లో తలకి గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని సెంటర్ ఫార్వర్డ్‌గా దింపితే అతను గోల్ కొట్టాడు. అంతటి కన్ను అది. 1963లో ఆయన పోయారు. 1960 తర్వాత భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ మొహం చూడలేదు, ఒకప్పుడు ఒక్క ఒలింపిక్ జట్టుకే ఎందరినో ఇచ్చిన మన ఊరు క్రమంగా వెనకబడింది. దానికి కారణాలు చాలా ఉన్నాయి, ఒక్కదాని మీదే తోసేయను. కానీ ఎవరిని ఎక్కడ వెతకాలి, ఎందుకు తీసుకోవాలి అన్న జ్ఞానమంతా ఒకే మనిషి తలలో ఉంటే, ఆ మనిషితోపాటే అదీ వెళ్లిపోతుంది. మీ సార్ ఇన్నేళ్లలో చూసిన కుర్రాళ్లు, వాళ్లలో ఎవరు నిలిచారు, ఎవరు ఎందుకు జారిపోయారు, ఇదంతా ఎక్కడైనా రాసి ఉందా? ఉండదని నా నమ్మకం. మీలాంటి చిన్న క్లబ్బుకి ఈ పోస్టు ఎందుకంటే, ముందుగా దాని కోసమే.

ఆఖరి మాట ఎవరిదన్న ప్రశ్నకి వద్దాం. దీని మీద పెద్ద క్లబ్బులే చేతులు కాల్చుకున్నాయి. 2015 వేసవిలో లివర్‌పూల్‌లో కోచ్ బ్రెండన్ రోజర్స్ స్ట్రైకర్‌గా బెంటెకే కావాలన్నారు. ప్లేయర్లను చూసే కమిటీ ఫిర్మినోని చూపించింది. ఇద్దరినీ కొన్నారు. ఆ అక్టోబర్‌లోనే రోజర్స్ ఉద్యోగం పోయింది, బెంటెకే ఒక్క సీజన్‌కే వేరే క్లబ్బుకి వెళ్లిపోయాడు, ఫిర్మినో ఎనిమిదేళ్లు ఆడాడు. ఇది విని కమిటీ గెలిచింది, కోచ్ ఓడాడు అనుకోకండి. ఒక గదిలో కూర్చుని తేల్చుకోలేక ఇద్దరికీ చెరొకడిని ఇవ్వడం, క్లబ్బు డబ్బుతో రాజీ కుదుర్చుకోవడమే. రోజర్స్ తర్వాత క్లాప్ వచ్చారు. అంతకుముందు ప్లేయర్ల ఆట విశ్లేషించే పని చేసిన మైకేల్ ఎడ్వర్డ్స్ 2016 చివర్లో స్పోర్టింగ్ డైరెక్టర్ అయ్యారు, అంటే మీ పోస్టే, పేరే వేరు. 2017లో వింగర్ కోసం చూస్తుంటే క్లాప్ మనసు మొదట ఇంకో కుర్రాడి మీద ఉంది. సలాని తీసుకుందామని ఎడ్వర్డ్స్, స్కౌట్లు (ప్లేయర్లను వెతికేవాళ్లు) తన చెవిలో ఊదుతూనే ఉన్నారని తర్వాత క్లాపే చెప్పారు. సలా వచ్చాడు, మొదటి సీజన్లోనే ప్రీమియర్ లీగ్‌లో 32 గోల్స్ కొట్టాడు. నాకు ఇందులో నచ్చింది గోల్స్ లెక్క కాదు. క్లాప్ వద్దని మంకుపట్టు పట్టలేదు, ఎడ్వర్డ్స్ ఆయన నెత్తిన రుద్దలేదు. ఒప్పించడానికి ఓపిక పట్టారు. పొగడ్త వచ్చినప్పుడు కోచ్ దాన్ని తన దగ్గరే ఉంచుకోలేదు.

దీనికి పూర్తిగా ఎదురు కథ ఎవర్టన్‌ది. లెస్టర్ 2016లో లీగ్ గెలిచిందంటే అందులో స్టీవ్ వాల్ష్ కన్నుకి పెద్ద వాటా ఉంది. ఫ్రాన్స్ రెండో డివిజన్లో ఆడుతున్న మహ్రెజ్‌ని, ఆ తర్వాత కాంతేని పట్టుకున్నది ఆయన బృందమే. ఆ పేరు చూసి ఎవర్టన్ ఆయన్ని అదే ఏడాది డైరెక్టర్ ఆఫ్ ఫుట్‌బాల్‌గా తీసుకుంది. మరుసటి వేసవిలో ఏం జరిగిందో చూడండి. గోల్స్ కొట్టే లుకాకుని అమ్మేశారు. ఆ వేసవిలోనే సిగుర్డ్‌సన్‌ని, క్లాసెన్‌ని కొన్నారు, రూనీని కూడా తెచ్చారు. ముగ్గురూ స్ట్రైకర్ వెనక ఆడేవాళ్లే. లుకాకు స్థానంలో ముందు నిలబడి గోల్ కొట్టే సిసలైన మనిషి మాత్రం రాలేదు. అక్టోబర్‌కి కోచ్ కూమన్ ఇంటికెళ్లారు, తర్వాతి మేలో వాల్ష్ కూడా వెళ్లిపోయారు. మంచి ప్లేయర్‌ని గుర్తుపట్టడం ఒక విద్య, మొత్తం జట్టుని ఒక కాగితం మీద చూసి ఎక్కడ ఖాళీ ఉందో చెప్పడం వేరే విద్య. మీకు వీడియోలు చూసే కన్ను ఉందని ఉత్తరం చూస్తే తెలుస్తోంది. మీరు నేర్చుకోవాల్సింది రెండోది.

మీ పని గ్రౌండ్ మీద ఎలా ఉండాలో ఒక్క స్థానం తీసుకుని చూద్దాం. లెఫ్ట్ బ్యాక్ అనుకోండి, అంటే ఎడమవైపు డిఫెండర్, ఎడమ కాలితో ఆడేవాడు దొరకడం ఎక్కడైనా కష్టమే. మొదట సార్‌ని అడగండి: మన లెఫ్ట్ బ్యాక్ ఏం చేయాలని మీరు కోరుకుంటారు? లైన్ పట్టుకుని పైదాకా వెళ్లి క్రాస్ వేయాలా, వెనకే ఉండి సెంటర్ బ్యాక్‌కి తోడుండాలా? ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రాసుకోండి. మీ అనలిస్టు భాషలోకి మార్చకండి. ఆ కాగితం మీద ఆయన చేత ఒక సంతకం పెట్టించండి, కింద తేదీ వేయండి. తర్వాత మన అండర్-19 జట్టుని చూడండి. అక్కడ ఎవరైనా ఉంటే బయటికి వెళ్లే పనే లేదు. ఎవరూ లేకపోతేనే బయట వెతకాలి.

బయట వెతికేటప్పుడు పెళ్లిసంబంధం చూసినంత జాగ్రత్తగా చూడాలి: ఫోటో నచ్చగానే ఎవరూ తాంబూలాలు మార్చుకోరు, నలుగురినీ వాకబు చేస్తారు. ఫోన్లో వచ్చే క్లిప్పులు ఫోటోలాంటివే. అందులో కుర్రాడు వేసిన పది మంచి క్రాసులు ఉంటాయి, పోగొట్టుకున్న నలభై బంతులు ఉండవు. మీరు స్వయంగా వెళ్లి చూడండి. ఒకసారి ఎండలో గట్టి నేల మీద, ఒకసారి వాన పడ్డాక బురదలో. మన ఊళ్లో గ్రౌండ్లు ఎలా ఉంటాయో తెలుసు కదా. లాల్ బహదూర్ స్టేడియంలో మెరిసినవాడు బర్కస్ మట్టి నేల మీద బంతి ఆపలేకపోవచ్చు, అక్కడ చెలరేగినవాడు గడ్డి మీద ఒక అడుగు వెనకబడొచ్చు. బంతి కాలి దగ్గర ఉన్నప్పుడు కాదు, పోయాక చూడండి. పోగొట్టుకున్న బంతి వెనక పరిగెడతాడా, చేతులు పైకెత్తి పక్కవాడి మీద అరుస్తాడా? రెండు గోల్స్ వెనకబడితే ఎలా నడుస్తాడు? మ్యాచ్ మధ్యలో బయటికి పిలిచినప్పుడు కోచ్ చెయ్యి అందుకుంటాడా, నీళ్ల సీసా విసిరేస్తాడా? ఇవి చూడాలంటే టచ్ లైన్ దగ్గర నిలబడితే చాలదు, కాస్త ఎత్తులో కూర్చోవాలి.

సిటీ లీగ్‌కి యూరప్‌లో ఉన్నట్టు రెడీమేడ్ డేటా దొరకదు. కాబట్టి మీ ఉద్యోగ విద్య ఇక్కడ అక్షరాలా చేతి పనే అవుతుంది. గ్యాలరీ పై మెట్టు మీద ట్రైపాడ్‌కి ఫోన్ బిగించి మ్యాచ్ మొత్తం రికార్డు చేయండి. ఇంటికొచ్చి ఆ లెఫ్ట్ బ్యాక్ ముందుకి వేసిన పాసులు, గెలిచిన ముఖాముఖి పోరాటాలు, స్థానం వదిలేసి దొరికిపోయిన సందర్భాలు లెక్కపెట్టండి. ఒక్క మ్యాచ్ లెక్క చూసి ఏదీ తేల్చకండి. లెక్కలు ఎవరిని వద్దనుకోవాలో బాగా చెబుతాయి, ఎవరిని తీసుకోవాలో చెప్పడానికి మాత్రం మీ సార్ కన్ను కావాలి. అందుకని వడపోశాక ఇద్దరినో ముగ్గురినో సార్ దగ్గరికి తీసుకెళ్లండి. ఈసారి కాగితంలో ఆయన కోరిన గుణాలు ఒక వరసలో, ఆ కుర్రాళ్లు వాటికి ఎంతవరకు సరిపోతారన్నది ఇంకో వరసలో ఉంటాయి. ఆయన చూసేది తన మాటనే.

ఆట కాక ఇంకొన్ని సంగతులు ఉంటాయి. ఇవి మీరే కనుక్కోవాలి, ఇవి కోచ్ పని కావు. ఇంటర్ రెండో ఏడు చదివే కుర్రాడైతే పరీక్షలు ఎప్పుడు, ఆ నెల ఎన్ని మ్యాచులున్నాయి? ఉద్యోగం చేసేవాడైతే షిఫ్ట్ ఎన్ని గంటలకి అయిపోతుంది, ఇంటి నుంచి గ్రౌండ్‌కి బస్సు ఉందా? పాత క్లబ్బుతో బాకీలు తేలాయా, ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ వాళ్ల రిజిస్ట్రేషన్ సిస్టమ్‌లో పేరు ఇంకా పాత క్లబ్బు కిందే ఉందా? పుట్టిన తేదీ కాగితాలు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా? ఇవి చూసుకోకుండా సంతకం చేయించుకుని, మ్యాచ్ రోజు రిజిస్ట్రేషన్ లేదని తెలిసి బెంచీ మీద కూర్చోబెట్టిన కుర్రాళ్లు ఎందరో ఉన్నారు. ఇంట్లోవాళ్లతో కూడా ఒకసారి కూర్చుని మాట్లాడండి. తల్లి ఒప్పుకోని కుర్రాడు వాన పడితే ప్రాక్టీసుకి రాడు.

ఇక ఆఖరి మాట. నా అభిప్రాయం స్పష్టంగా చెప్తాను: ఎవరిని తీసుకోకూడదో చెప్పే హక్కు ఇద్దరికీ ఉండాలి. సార్ వద్దంటే ఆ ప్లేయర్ రాడు, ఎందుకంటే కోచ్ నమ్మని ప్లేయర్ని తెచ్చి ఏం చేస్తారు, రోజూ బెంచీ మీద చూసుకోవడానికా? మీరు వద్దన్నా రాడు, ఎందుకంటే జీతాల లెక్కా, కాంట్రాక్టూ, మూడేళ్ల చూపూ మీ చేతుల్లో ఉన్నాయి. ఇద్దరూ సరే అన్నాకే డబ్బు పెట్టే అన్న సంతకం చేస్తారు. ఆయన ఎంత ఖర్చు పెట్టాలో చెప్పొచ్చు గానీ పేరు చెప్పకూడదు. ఈ మాట ఆయనకి ఇప్పుడే, సీజన్ మొదలవకముందే చెప్పండి. డబ్బున్నవాళ్లకి టీవీలో చూసిన ప్లేయర్ మీద మోజు పుడుతుంది, స్నేహితుడి బావమరిది కొడుకు మీద జాలి పుడుతుంది. మ్యాచ్ రోజు పదకొండు మందిలో ఎవరు దిగాలన్నది మాత్రం పూర్తిగా సార్‌దే. అందులో మీరు నోరు మెదపకూడదు, మీరు తెచ్చినవాడిని ఆయన దింపకపోయినా సరే.

ఈ పనిలో ఫలితం ఆలస్యంగా వస్తుందని మీ అన్నకి ముందే చెప్పి పెట్టండి. మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2019-20లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) లోకి వచ్చిన మొదటి ఏడాది 18 మ్యాచుల్లో రెండే గెలిచి ఆఖరి స్థానంలో నిలిచింది. 2020లో మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చారు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, మహమ్మద్ యాసిర్ లాంటి యువకులకి ఆయన వరసగా అవకాశాలిచ్చారు, క్లబ్బు ఆ ఆటగాళ్లని నిలబెట్టుకుంది. వాళ్లకి తోడు 2021లో 36 ఏళ్ల స్ట్రైకర్ ఒగ్బెచేని తెచ్చింది. అతను 2021-22లో 18 గోల్స్ కొట్టాడు. కుర్రాళ్ల జట్టులో ఆ ఒక్క స్థానానికి మాత్రం వయసున్నవాడే సరైనవాడని తేల్చుకోవడమే మంచి రిక్రూట్‌మెంట్ అంటే. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్లో షూటౌట్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపిన రాత్రి మీకు గుర్తుండే ఉంటుంది.

ఆ రోజు ఓడిన కేరళ వైపు కూడా చూడండి. వాళ్లు 2020లో లిథువేనియా నుంచి కరోలిస్ స్కింకిస్‌ని స్పోర్టింగ్ డైరెక్టర్‌గా తెచ్చుకున్నారు. మొదటి సీజన్ దారుణం. 11 జట్లలో పదో స్థానం, 2021 ఫిబ్రవరిలో మన చేతిలోనే 4-0తో ఓడాక కోచ్ కిబు వికునా వెళ్లిపోయారు. డైరెక్టర్‌ని మాత్రం క్లబ్బు పంపేయలేదు. ఆయన మరుసటి ఏడాదికి వుకొమనోవిచ్‌ని కోచ్‌గా తెచ్చారు, విదేశీ ఆటగాళ్లని మార్చి లూనా, డియాజ్, వాజ్‌కెజ్‌లతో జట్టుని కట్టారు. ఆ జట్టే ఫైనల్‌కి వచ్చింది. కోచ్ మారినా క్లబ్బు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పని పడలేదు. ఈ పోస్టు వల్ల లాభం ఏమిటని మీ అన్న అడిగితే ఇది చెప్పండి.

మరి అదే హైదరాబాద్ ఎఫ్‌సీకి ఆ తర్వాత ఏమైంది? దీన్ని రాస్తుంటే ఇప్పటికీ నాకు మనసు చివుక్కుమంటుంది. జీతాలు ఆగిపోయాయి. పాత ప్లేయర్ల బకాయిల మీద కేసులు వెళ్లి ఫిఫా ట్రాన్స్‌ఫర్ బ్యాన్ వేసింది, అంటే కొత్త ప్లేయర్లను రిజిస్టర్ చేసుకోకూడదని నిషేధం. విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు. ట్రోఫీ ఎత్తిన రెండేళ్లకే, 2023-24లో, కుర్రాళ్లతో నెట్టుకొచ్చి సీజన్ మొత్తంలో ఒకే ఒక్క మ్యాచ్ గెలిచింది. ఆఖరికి 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. గచ్చిబౌలిలో ఆ పసుపు జెర్సీలు వేసుకుని అరిచిన పిల్లలకి ఇప్పుడు అరవడానికి ఐఎస్ఎల్ జట్టే లేదు. ఎంత గొప్ప కన్ను ఉన్నా, నెల తిరిగేసరికి జీతం పడకపోతే ఆ కన్ను తెచ్చినవాళ్లెవరూ మిగలరు. ఫిఫా నియమాల ప్రకారం రెండు నెలల జీతం బాకీ పడితే, ప్లేయర్ 15 రోజుల గడువుతో నోటీసు ఇచ్చి, అప్పటికీ రాకపోతే కాంట్రాక్టు తెంచుకుని వెళ్లిపోవచ్చు. మీ క్లబ్బులో జీతాలకి బదులు దారి ఖర్చులూ బూట్ల డబ్బులూ ఇస్తుండొచ్చు. మొత్తం చిన్నదైనా ఇచ్చిన మాట మాటే. సీజన్ మొత్తానికి సరిపడా డబ్బు బ్యాంకులో పడ్డాకే కొత్త ప్లేయర్‌కి మాటివ్వండి. మీ అన్న 'తర్వాత చూద్దాంలే' అంటే ఒక్క కుర్రాడికి కూడా ఫోన్ చేయకండి.

కాంట్రాక్టు గడువుల మీద కూడా కన్నేసి ఉంచండి. జర్మన్ క్లబ్బు డార్ట్‌మండ్ 2010లో స్ట్రైకర్ లెవాండోస్కీని పోలండ్ నుంచి దాదాపు 45 లక్షల యూరోలకి తెచ్చింది. 2014లో కాంట్రాక్టు అయిపోయి బయర్న్‌కి వెళ్లిపోతే క్లబ్బుకి పైసా రాలేదు. వాళ్లు తెలిసే ఆ నష్టానికి సిద్ధపడ్డారు. అతనితో 2013 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా వెళ్లారు, ఆ వేసవిలో అమ్మకుండా ఆఖరి ఏడాది కూడా ఆడించుకున్నారు. తెలిసి వదులుకోవడం ఒక నిర్ణయం. తేదీ మర్చిపోయి వదులుకుంటే ఎవరికీ జవాబు చెప్పుకోలేరు. ఇంకో సంగతి, మీ క్లబ్బులో పెరిగిన పిల్లల పేర్లు రిజిస్ట్రేషన్‌లో ప్రతి సీజన్ సరిగ్గా ఎక్కించండి. ఏదో ఒక రోజు వాళ్లలో ఒకడు కాంట్రాక్టు మధ్యలో ఫీజు మీద వేరే దేశపు క్లబ్బుకి అమ్ముడైతే, ఆ ఫీజులో 5 శాతాన్ని 12 నుంచి 23 ఏళ్ల మధ్య అతన్ని తయారుచేసిన క్లబ్బులకి పంచాలని ఫిఫా నియమం. రికార్డు లేకపోతే ఆ వాటా అడగలేరు.

ఏజెంట్ల మాట ఒక్కటి. మీ నంబరు నలుగురికీ తెలిశాక క్లిప్పులు కుప్పలుగా వస్తాయి, కొందరు 'మీకేమైనా చూస్తాం సార్' అంటారు. క్లబ్బు తప్ప ఇంకెవరి దగ్గరా ఏ రూపంలోనూ ఏమీ తీసుకోనని కాగితం మీద రాసి సార్‌కీ అన్నకీ ఒక్కో కాపీ ఇవ్వండి. మీ బంధువుల కుర్రాడు ట్రయల్స్‌కి వస్తే ఆ రోజు మీరు గ్రౌండ్‌కి వెళ్లకండి.

సార్ దగ్గరికి ఎలా వెళ్లాలన్నది మీకే బాగా తెలుసు, చిన్నప్పటి నుంచి చూస్తున్నారు. అయినా ఒక మాట. ప్రాక్టీసు అయ్యాక పిల్లలందరూ వెళ్లిపోయేదాకా ఆగండి, ఒంటరిగా వెళ్లండి, అన్నని వెంట తీసుకెళ్లకండి. 'సార్, ఆ రోజు నేను ముందు మిమ్మల్ని అడగాల్సింది' అనండి, అంతకుమించి సంజాయిషీ వద్దు. ఒక నోటుబుక్కు పట్టుకెళ్లండి. గడిచిన మూడు సీజన్లలో మనకి ఏ స్థానంలో ఇబ్బంది పడిందో ఆయన్ని చెప్పమనండి, మీరు రాసుకోండి. ఆయన చూసి వదిలేసిన కుర్రాళ్ల పేర్లు, ఎందుకు వదిలేశారన్నది కూడా అడగండి. మధ్యలో మీ లెక్కలు తీయకండి. ఆయనకి వయసు మీదపడి, రేపటి నుంచి అవసరం ఉండదేమో అన్న భయం లోపల ఉండొచ్చు. 'మీ తర్వాత' అన్న మాట ఈ దఫా నోటి వెంట రానివ్వకండి.

ఇంత చేసినా ఆయన ససేమిరా అంటే సీనియర్ జట్టు జోలికి ఈ సీజన్ వెళ్లకండి. అండర్-17 పిల్లల బాధ్యత ఒక్కటే ఇమ్మని సార్‌నే అడగండి, ఇస్తారు. వాళ్ల రిజిస్ట్రేషన్లు, మ్యాచ్ రికార్డింగులు, ఎవరు ఏ స్థానానికి ఎదుగుతున్నారన్న లెక్క అంతా అక్కడే మొదలుపెట్టండి. నెలకోసారి ఆ నోటుబుక్కు ఆయనకి చూపించండి. అన్నకి కూడా ఇదే చెప్పండి, ఈ వారంలోనే చెప్పండి. ఆలస్యమైతే ఆయన ఉత్సాహం కొద్దీ ఇంకో కోచ్‌ని వెతకడం మొదలుపెడతారు.